ముప్పై ఒకటో గడి

పొద్దున్న ఏడింటికి హాస్టలు మెట్ల దగ్గర
"అగో!" అని కేక వినపడితే
అటకోరా వచ్చాడని అర్థం.
చంకలో తోలుసంచీ, చెవి మీద నీలం పెన్ను,
పాంటు అంచులకి కుమాసి ఎర్రదుమ్ము.
ఐదు సెడీలిస్తాను.
పసుప్పచ్చ అట్ట మీద ఒక గడిలో గీత గీస్తాడు.
అట్టకి ముప్పై ఒక్క గళ్ళు.
ఒక గడి అతని కూలి,
మిగతావి చివర్న నా చేతికి తిరిగొస్తాయి.
వడ్డీ లేదు.
నా డబ్బుని నా నుంచి దాచిపెట్టినందుకు
నేనిచ్చే జీతం అది.

సెడినామ్ నవ్వుతుంది, పక్క మంచం మీంచి:
"నీ పర్సుకి నువ్వే దొంగ, నువ్వే కాపలా.
మధ్యలో ఈ పెద్దమనిషి దేనికే?"
తనకేం తెలుసు,
రాత్రి తొమ్మిది దాటితే నా పర్సులో ఐదు సెడీలు
ఊపిరాడక కొట్టుకుంటాయని.

నాకు బూట్లు కావాలి.
భూమి కొలిచే చదువు నాది.
పాత బూటు నోరు తెరిచి నాలుగు నెలలు,
పొలంలో నేను గొలుసు లాగుతుంటే
అది ముందే వెళ్ళి గడ్డి మేస్తుంది.
కెజేటియా బజారులో, ఎవరో వాడేసినవే, మడమ గట్టివి,
రెండు వందల నలభై అంది మార్చిలో దుకాణం ఆవిడ.
రెండట్టలు చాలనుకున్నాను.

ట్రోట్రో ఎక్కడం మానేశాను.
గేటు నుంచి హాస్టలుకి రెండు వేల నాలుగొందల అడుగులు,
వానొస్తే పాతిక ఎక్కువ, గుంటలు చుట్టి రావాలి కదా.
ఒక కాగితానికి నాలుగు పేజీలు అచ్చు వేయించాను,
సూత్రాలన్నీ చీమల బారులయ్యాయి.
రాత్రుళ్ళు గరీ.
కర్రపెండలం తురిమి వేయించిన ఆ రవ్వ మీద
చన్నీళ్ళు, పంచదార, గుప్పెడు వేరుశనగలు.
ఒక పేజీ చదివేలోగా గ్లాసులో మూడింతలౌతుంది.
దాన్ని చూసి డబ్బు ఏమీ నేర్చుకోలేదు.

గీతలున్న గళ్ళు ఏవీ గుర్తులేవు.
అన్నీ ఒకే పెన్ను గీసిన ఒకే పొద్దు.
ఖాళీ గళ్ళు ఏడు. ఏడూ నాకు కంఠతా వచ్చు.

సెడినామ్‌కి మలేరియా, మందులు, వరసగా రెండు.
పరీక్ష పోయిన రాత్రి
అల్లం కారం పట్టించి వేయించిన అరటిపండు ముక్కలు,
కాగితం పొట్లం, నూనె వేళ్ళకి, ఏడుపు ముక్కుకి.
కరెంటు పోయిన వారం కొవ్వొత్తులు.
ఐస్‌క్రీముకి తనే పిలిచి
ఫుసేని జేబులు తడుముకున్న సాయంత్రం;
ఆ నేలచూపుకి ఐదు సెడీలు తక్కువే.
వాన ఒకటి, ఆ రోజు అటకోరానే రాలేదు.
ఇంకొకటి మాత్రం ఎందుకో తెలీదు.
అగో అన్నాడు. డబ్బు చేతిలోనే ఉంది.
తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాను
అతని చెప్పుల చప్పుడు మెట్లు దిగి పోయేదాకా.

మే చివర్లో లెక్క తేలింది: రెండు వందల అరవై ఐదు.
బజారులో బూట్లు మూడు వందల పది.
"అంతా ఆ డాలరు, అమ్మాయీ" అంది ఆవిడ
చెడిపోయిన మేనల్లుడి సంగతి చెబుతున్నట్టు.
దారంతా నడుస్తూ కూడాను, తీసేశాను.
ఏడు గళ్ళూ నింపి ఉంటే మూడు వందలు.
అప్పటికీ పది తక్కువ.
పదంటే సరిగ్గా అటకోరా కూలి.

మర్నాడు అతనికే చెప్పాను, ఉక్రోషంగానే.
అట్టలు తిప్పి చూశాడు. నవ్వలేదు.
"ఆ రెండు గళ్ళూ ఇక్కడున్నాయి"
అని కాలెత్తి చూపించాడు:
టైరు ముక్క కుట్టిన చెప్పు,
మడమ దగ్గర మళ్ళీ అరిగి, వెలుతురు కనబడేంత పలచన.
రోజుకి ఎన్ని అడుగులని అడిగాను, చదువు కొద్దీ.
ఎప్పుడూ లెక్కపెట్టలేదట,
ఊరందరి లెక్కలూ సంచీలో మోసే మనిషి.

ఆ చెప్పు కుట్టినాయన దగ్గరికే నా బూటు తీసుకెళ్ళాను.
ఇరవై రెండు సెడీలకి నోరు మూసుకుంది.
నడిస్తే తడి నేల మీద టైరు గాట్లు పడుతున్నాయి.
ఏ లారీదో, ఏ ఊళ్ళు చూసొచ్చిందో.

మిగిలిన డబ్బు సంగతి సెడినామ్‌కి చెప్పలేదు.
పొద్దున్నే అగో వినపడింది.
"అమే" అన్నాను, ముందే మెట్ల మీదకొచ్చి.
కొత్త అట్ట. తెల్లటి గళ్ళు.
వీటిలో ఏది ఖాళీగా మిగలబోతోందో అని
చూస్తుండగానే
పెన్ను చెవి మీంచి దిగింది.